ఉత్సాహం ఉంది, పని తెలియదు: సంఘాల్లో వాలంటీర్ల శిక్షణ ఎక్కడ తడబడుతోంది?

కొన్నేళ్ల కిందట ఒక రక్తదాన శిబిరంలో పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చున్నాను. నా పక్కన డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడు. వాలంటీరుగా అతనికి అదే మొదటి రోజు. ముందు రోజు సాయంత్రం రెండు గంటల శిక్షణ కూడా అయింది. పదకొండు గంటల ప్రాంతంలో స్నేహితురాళ్లతో కలిసి ఒక అమ్మాయి వచ్చి, తన బరువు 46 కిలోలని చెప్పింది. అతను రాసుకుని లోపలికి పంపాడు. లోపల తూకం యంత్రం 42 చూపింది. రక్తం ఇవ్వాలంటే కనీసం 45 కిలోలు ఉండాలి. అందరూ చూస్తుండగా సిబ్బంది ఆమెను వెనక్కి పంపేశారు. కళ్లు తుడుచుకుంటూ మా బల్ల ముందు నుంచే వెళ్లిపోయింది. ఏం మాట్లాడాలో తోచక ఈ కుర్రాడు కాగితాలు సర్దుకుంటూ తల దించుకున్నాడు. తర్వాతి శిబిరానికి అతను రాలేదు. ఆ అమ్మాయీ రాలేదు.

ముందు రోజు శిక్షణలో ఏం చెప్పారో నాకు తెలుసు, నేనూ అక్కడే ఉన్నాను. ఒక్క సీసా రక్తం ఒక ప్రాణాన్ని ఎలా నిలబెడుతుందో చెప్పారు. ప్రతిజ్ఞ చేయించారు. టీషర్టులు పంచారు. దాత వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలనీ, హిమోగ్లోబిన్ 12.5 కంటే తగ్గకూడదనీ, ఒకసారి ఇచ్చాక మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలనీ ఎవరూ చెప్పలేదు. అంతకంటే ముఖ్యంగా, ఇవ్వడానికి ఇష్టంగా వచ్చిన మనిషిని నొప్పించకుండా ఎలా వెనక్కి పంపాలో చెప్పలేదు. ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్ల అసలు పని అదే. ఇవ్వదగిన వాళ్లు ఎలాగూ లోపలికి వెళ్తారు, వాళ్ల పేర్లు ఎవరైనా రాయగలరు.

కాలనీ సంక్షేమ సంఘం, యువజన సంఘం, గ్రంథాలయ కమిటీ, ఆలయ సేవాదళం, విదేశాల్లోని తెలుగు సంఘం... ఎక్కడ చూసినా ఇదే కథ వేరే పేర్లతో వినిపిస్తుంది. మనుషులు వస్తారు, శిక్షణ జరుగుతుంది, పని మాత్రం తడబడుతుంది, ఏడాది తిరిగేసరికి వచ్చినవాళ్లలో సగం మంది కనిపించరు. అప్పుడు కార్యవర్గం అనే మాట ఒక్కటే: ఈ కాలం పిల్లల్లో నిబద్ధత లేదు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. నిబద్ధత లేనివాడు ఆదివారం పొద్దున్నే లేచి వచ్చి బల్ల ముందు కూర్చోడు.

ఒక మాట ముందే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీరు అనగానే 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ గుర్తొస్తుంది. అది గౌరవ వేతనంతో నడిచిన ప్రభుత్వ ఏర్పాటు. ఇక్కడ మాట్లాడుతున్నది ఆ అర్థంలో కాదు. తన తీరిక సమయంలో, ఇష్టపడి ఒక సంఘం పని నెత్తికెత్తుకునే మనిషి గురించి.

ఒకే మాట కింద నాలుగు పనులు

చిక్కు ఎక్కడుందంటే, శిక్షణ అనే ఒక్క మాట కింద మనం నాలుగు వేర్వేరు పనులను కుక్కేశాం. ఈ పని ఎందుకు చేస్తున్నాం అన్నది మొదటిది. ఎలా చేయాలి అన్నది రెండోది. నా పని ఎంతవరకు, ఎక్కడ ఆగాలి అన్నది మూడోది. నాకు తోచనప్పుడు ఎవరిని అడగాలి, నా తర్వాత ఎవరు అన్నది నాలుగోది.

మొదటిది మనకు బాగా వచ్చు. వక్తను పిలిస్తే చాలు. మిగిలిన మూడింటికి వక్త పనికిరాడు, ఆ పని చేసి చేసి అలవాటైన మనిషి కావాలి. ఆ మనిషితో ఒక ఇబ్బంది ఉంది. పదిహేనేళ్లుగా కోశాధికారిగా ఉన్న పెద్దాయన్ని లెక్కలు ఎలా రాస్తారని అడిగితే, ఇందులో చెప్పడానికేముంది బాబూ, వచ్చింది ఇటు, పోయింది అటు అంటారు. నిజంగానే ఆయనకు అంతే అనిపిస్తుంది. కానీ చందా తీసుకున్న క్షణంలోనే రసీదు రాయడం, పాడైన రసీదును చింపకుండా అడ్డంగా గీత కొట్టి పుస్తకంలోనే ఉంచడం, బిల్లు లేని ఖర్చుకు వోచరు రాసి ఇద్దరి సంతకం తీసుకోవడం, నెలాఖరున నగదు పుస్తకాన్ని బ్యాంకు పాస్‌బుక్కుతో సరిచూడడం... ఇవన్నీ ఆయన చేతిలో ఉన్నాయి, నోటికి మాత్రం రావు. చాలాకాలం చేసిన పని మనిషిలో ఇంకిపోతుంది. ఇంకిపోయిన దాన్ని బయటికి తీసి ముక్కలుగా విడదీసి చెప్పడం వేరే విద్య. కాబట్టి అనుభవజ్ఞుడికి కొత్తవాణ్ని అప్పగించడం ఒక్కటే సరిపోదు. ముందు ఆ అనుభవజ్ఞుడి పక్కన ఒకరు కూర్చుని, ఆయన చేసే ప్రతి చిన్న పనినీ గమనించి రాసుకోవాలి. నా దృష్టిలో సంఘం పెట్టాల్సిన మొదటి శిక్షణ ఇదే, నేర్పేవాళ్లకు.

గొలుసులో జారిపోయేది

సంఖ్య పెరిగితే చిక్కు ఇంకా ముదురుతుంది. పదిమందికైతే పక్కన కూర్చోబెట్టి నేర్పవచ్చు. వేలమందికి ఎలా? మన దేశం ఈ ప్రశ్నను చాలా పెద్ద ఎత్తున ఎదుర్కొన్నది సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో. 1988 మే 5న జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లాగా పేరు తెచ్చుకుంది. అదే దారిలో మన నెల్లూరు, చిత్తూరు వంటి జిల్లాల్లో ఉద్యమం నడిచింది. సుమారు పదిమంది వయోజనులకు ఒక వాలంటీరు చొప్పున కావాలి. అంతమందికి నేర్పడానికి మూడంచెల గొలుసు కట్టారు. పైన కొద్దిమంది నిపుణులు, మధ్యలో మాస్టర్ ట్రైనర్లు, చివర ఊళ్లో పాఠం చెప్పే వాలంటీరు.

గొలుసు బలహీనత లెక్కవేసి చూస్తే తెలుస్తుంది. ఒక్కో అంచెలో పదింట ఏడు వంతులు అందుతాయనుకుందాం. అది మంచి శిక్షణే. అయినా నూరు పాళ్లు రెండో అంచెకు 70 అవుతాయి, మూడో అంచెకు 49, వాలంటీరు నుంచి నేర్చుకునేవాళ్లకు చేరేసరికి 34. జారిపోయేది ఏమిటన్నది ఇంకా ముఖ్యం. నినాదాలు జారవు, అవి నోటికి పట్టుకుంటాయి. జారేది పనితనం. నలభై ఏళ్ల మనిషి పలక ముందు కూర్చోవడానికి సిగ్గుపడుతుంటే ఆ సిగ్గు ఎలా పోగొట్టాలి, మూడు రోజులు రానివాళ్లను నాలుగో రోజు ఎలా పలకరించాలి వంటివి.

దీనికి ఆ ఉద్యమం కొంత విరుగుడు వెతుక్కుంది. భారాన్నంతా వాలంటీరు జ్ఞాపకశక్తి మీద వేయకుండా వాచకంలోనే పెట్టారు. మూడు మెట్ల వాచకాలు, వాటిలోనే అభ్యాసాలు, వాటిలోనే పరీక్షలు. వాలంటీరు ఎక్కడైనా మరిచిపోతే పుస్తకం గుర్తుచేస్తుంది. ఎందుకు చదవాలి అన్న మాటను కళాజాతా బృందాలు పాటలతో, నాటికలతో ఊరూరా తిరిగి చెప్పాయి. శిక్షణ తరగతి సమయమంతా పాఠం ఎలా చెప్పాలన్న దానికి మిగిలింది.

మరో సంగతి ఉంది. ఆ పాఠాలు అక్షరాలు దిద్దించి ఊరుకోలేదు. కూలి, నీళ్లు, సారా వంటి మాటల మీద చర్చ జరగాలని వాలంటీరుకు నేర్పారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆ ఉద్యమం నడిపిన రాత్రి బడుల్లో మొదలైన మాటలే సారా దుకాణం మూయించే దాకా వెళ్లాయి. 1992లో అక్కడి మహిళల పోరాటం, దానికి ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకాయి. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. ఏ శిక్షణ ప్రణాళికలోనూ ఇది ముందుగా రాసి ఉండదు. చివరి అంచెలో ఉన్న మనిషికి అడగడానికి, చర్చించడానికి చోటిస్తే పైనుంచి పోసినదానికంటే ఎక్కువే పుడుతుందని నేను గట్టిగా నమ్మడానికి నెల్లూరే కారణం. అప్పగించిన మాటలు మాత్రమే చెప్పాలని కట్టేసి ఉంటే ఆ రాత్రి బడిలో అక్షరాలు వచ్చేవేమో, సారా ఊసు వచ్చేది కాదు.

చేసినవాళ్లే నేర్పితే

గొలుసుకు ప్రత్యామ్నాయం కూడా తెలుగు నేలమీదే ఎదిగింది. డ్వాక్రా సంఘాలు, 2000లో మొదలైన వెలుగు పథకం, గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ దాటి వచ్చాక ఊళ్లలో పొదుపు సంఘాలు బలపడ్డాయి. కొత్త ఊళ్లో సంఘం పెట్టించడానికి ఉద్యోగులను పంపే బదులు, అలాంటి సంఘంలోనే ఉండి పేదరికం నుంచి బయటపడిన మహిళలను పంపడం మొదలైంది. వాళ్లే సీఆర్పీలు, అంటే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు. వాళ్లు ఊరికి వచ్చి ఉపన్యాసం చెప్పి సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోరు. ఒక బృందంగా వచ్చి దాదాపు పదిహేను రోజులు ఆ ఊళ్లోనే ఉంటారు. ముందుగా పేదలుండే వాడలకు వెళ్తారు. అరుగు మీద కూర్చుని తమ కథ చెబుతారు: అప్పు ఎంత ఉండేది, మొదటి పొదుపు ఎలా కట్టాను, ఇంట్లో ఎవరు వద్దన్నారు, ఏ సమావేశంలో గొడవైంది. ఆ తర్వాత సంఘం కట్టించి, మొదటి సమావేశం తాము పక్కనుండగానే జరిపిస్తారు.

వాళ్లు నేర్పేది కొండంత కాదు. ఐదు సూత్రాలు: క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, లోపల అప్పులు ఇచ్చుకోవడం, గడువులో తిరిగి కట్టడం, ఎప్పటికప్పుడు లెక్కలు రాయడం. పంచసూత్రాలని పిలిచే ఈ ఐదింటినీ బడికి వెళ్లని మనిషి కూడా వేళ్ల మీద లెక్కపెట్టుకోగలదు. ఈ మహిళలు తర్వాత బీహార్ వంటి రాష్ట్రాలకూ వెళ్లారు. వాళ్లకు హిందీ అంతంత మాత్రమే. అయినా అక్కడ సంఘాలు కట్టించి వచ్చారు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలైనప్పుడు ఈ పద్ధతిని దేశమంతటికీ తీసుకుంది.

భాష సరిగా రాని మనిషి, పదో తరగతి దాటని మనిషి, అధికారి చెప్పలేనిది ఎలా చెప్పగలిగింది? ఆమె మాటకు ఆమె బతుకే రుజువు కావడం ఒక కారణం. ఎదుటివాళ్ల భయం ఆమెకు లోపలి నుంచి తెలుసు, అది రెండో కారణం. నా లెక్కలో వీటిని మించినది మూడోది: ఆమె అక్కడే ఉంది. మొదటి సమావేశంలో లెక్క తప్పినప్పుడు ఆమె పక్కనే ఉంది, రెండోసారి తప్పినప్పుడూ ఉంది. నేర్పడం, చేయించడం, సరిదిద్దడం ఒకే చోట, ఒకే పక్షంలో జరిగాయి. మన సంఘాల్లో నేర్పేది జూన్‌లో, చేసేది సెప్టెంబరులో, తప్పు బయటపడేది మార్చిలో.

సీఆర్పీలకు రోజుకింతని భృతి అందుతుంది, కాబట్టి వాళ్లను పూర్తిగా వాలంటీర్లని అనలేం. పదిహేను రోజులు ఇల్లు వదిలి రమ్మని ఒక పేద మహిళను అడుగుతూ, కూలి నష్టపోమనడం అన్యాయం. సేవ అనే పేరుతో దారి ఖర్చులు కూడా ఇవ్వని సంఘాలు ఈ సంగతి ఆలోచించాలి. ఖర్చు భరించగలిగినవాళ్లే వాలంటీర్లుగా మిగిలితే ఆ సంఘంలోకి కొన్ని ఇళ్లవాళ్లు ఎప్పటికీ రారు.

మరిచిపోవడం మన నైజం

కొన్ని పనులు ఒకసారి నేర్చుకుంటే చాలు, కొన్నింటికి అది సరిపోదు. గుండె ఆగిన మనిషికి చేసే సీపీఆర్ తీసుకోండి. పెద్దవాళ్లకైతే ఛాతీ మధ్య 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. శిక్షణ రోజున బొమ్మ మీద అందరూ బాగానే చేస్తారు. మూడు నుంచి ఆరు నెలలు గడిచేసరికే చేతి లోతు, వేగం తప్పడం మొదలవుతుంది. అందుకే ఏడాదికోసారి రోజంతా తరగతి పెట్టేకంటే, రెండు మూడు నెలలకోసారి పది నిమిషాల సాధన మేలు. నెలవారీ సమావేశం మొదట్లో ఆ పది నిమిషాలు పెట్టవచ్చు, అది కార్యదర్శి నివేదిక చదివేంత సేపే. దీంతోపాటు ఒక భయం కూడా తీర్చాలి. రోడ్డు మీద గాయపడినవాళ్లకు సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామని ఇంకా చాలామంది వెనకాడతారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ మంచి మనసుతో సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తోంది. ఇది తెలియని వాలంటీరుకు సీపీఆర్ వచ్చినా చేయి ముందుకు రాదు.

ఎక్కడ ఆగాలి అన్నదాన్ని మన సంఘాలు దాదాపు ముట్టుకోవు. పిల్లలతో పనిచేసే చోట అది చాలా ప్రమాదం. ఒక పిల్ల తనకు జరిగిన లైంగిక వేధింపు గురించి ట్యూషన్ చెప్పే వాలంటీరుకు చెప్పుకుందనుకోండి. విషయం సంఘం పెద్దల దగ్గర నలిగి, పరువు పేరుతో మూలపడకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేసి తీరాలి, తెలియజేయకపోవడం నేరం. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు. ఆ వాలంటీరు దర్యాప్తు చేయకూడదు, ఆ పిల్లను పదేపదే అడగకూడదు, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. ఈ మూడు వద్దులూ నేర్పకుండా ఎవరినీ పిల్లల దగ్గర కూర్చోబెట్టకూడదు.

తీరిక లేనివాళ్లకు ఎప్పుడు నేర్పాలి?

వీళ్లకు ఉన్నదే వారానికి రెండు గంటలు, దాన్నీ శిక్షణకే వాడితే పని ఎప్పుడు అని కార్యదర్శులు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. పనిలోనే నేర్పడం తప్ప దీనికి వేరే దారి లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా కర్మాగారాల్లోకి పని తెలియని లక్షలమంది ఒక్కసారిగా వచ్చినప్పుడు ఇదే పద్ధతి వాడారు. మనిషిని స్థిమితపరచి అతనికి ఎంత తెలుసో కనుక్కోవడం, ఒక్కో మెట్టూ చేసి చూపించడం, అతని చేత చేయిస్తూ నోటితో చెప్పించడం, తర్వాత వదిలి అప్పుడప్పుడూ వచ్చి చూడడం. మనం మొదటి మెట్టు దాటేస్తాం, రెండోది హడావిడిగా చేస్తాం, అర్థమైందా అని అడుగుతాం. అర్థమైందా అంటే కాలేదని చెప్పే తెలుగువాణ్ని నేను చూడలేదు. పెద్దల ముందు కాలేదనడం మర్యాద కాదని చిన్నప్పటి నుంచీ విని పెరిగాం. కాబట్టి అడగకూడదు, ఏదీ ఒకసారి చేసి చూపించు నాయనా అనాలి.

వినాయక చవితి మండపం ఇందుకు మంచి బడి. తొమ్మిది రోజులుంటే తొమ్మిది పాఠాలు. మొదటి రెండు రోజులు కొత్తవాళ్లు పాతవాళ్ల పక్కనుంటారు, మూడో రోజు నుంచి వాళ్లు చేస్తారు, పాతవాళ్లు పక్కనుంటారు. కరెంటు తీగల దగ్గర ఎవరు, హుండీ తాళం ఎవరి దగ్గర, ప్రసాదం వరుస ఎవరు చూడాలి అన్నది ప్రతి పనికీ ఒక్క పేజీలో, పని చేసినవాళ్ల మాటల్లోనే రాసి ఉంచాలి. నిమజ్జనం మర్నాడు పందిరి విప్పకముందే అరగంట అందరూ కూర్చోవాలి. ఎవరిదీ తప్పు పట్టకుండా, ఏం జరిగింది, వచ్చే ఏడాది ఏం మార్చాలి అన్న రెండే ప్రశ్నలు. వారం ఆగితే జ్ఞాపకాలు పోయి ఫొటోలు మిగులుతాయి.

విదేశాల్లోని తెలుగు పిల్లలకు వారాంతాల్లో భాష నేర్పే బడుల్లో పాఠం చెప్పేది ఎక్కువగా తల్లిదండ్రులే. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి కూడా అలా వాలంటీర్ల మీదే నిలబడింది. తెలుగు బాగా వచ్చినంత మాత్రాన తెలుగు చెప్పడం రాదని అక్కడ అనుభవమైనవాళ్లే చెబుతారు. ఇంట్లో ఇంగ్లిషులో ఆలోచించే ఎనిమిదేళ్ల పిల్లకు ‘ళ’ ఎందుకు పలకదో మనకు తోచదు, ఎందుకంటే మనం దాన్ని ఎప్పుడు నేర్చుకున్నామో మనకే గుర్తులేదు. కోశాధికారి పెద్దాయన ఇబ్బందే ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది.

ఆ పెద్దాయన గురించి మిగిలిన మాట చెబుతాను. సర్వసభ్య సమావేశంలో కొత్తవారిని ఎన్నుకున్న రోజే తాళాలు, పుస్తకాలు చేతికిచ్చి దండం పెట్టేయడం మన అలవాటు. మా సంఘంలో ఈసారి అలా చేయలేదు. మూడు నెలలు ఇద్దరూ కలిసి కూర్చున్నారు. మొదటి నెల ఆయన రాస్తుంటే కొత్తామె చూశారు, రెండో నెల ఆమె రాస్తుంటే ఆయన చూశారు, మూడో నెల ఆమె రాసి నెలాఖరున ఆయనకు చూపించారు. ఆ మూడు నెలల్లో ఏ పుస్తకంలోనూ లేని సంగతులు బయటికి వచ్చాయి. ఏ ఇంటివాళ్లు ఒకటో తేదీన పెన్షను వచ్చాకే చందా కట్టగలరు, ఎవరిని నలుగురిలో అడగకూడదు, టెంటు సామాను అరువిచ్చే ఆయనకు ఎప్పటికల్లా డబ్బు అందాలి, 2011లో ఒక రసీదు పుస్తకం పోయినప్పుడు ఏం చేశారు. ఆమె అవన్నీ నగదు పుస్తకం చివరి పేజీల్లో పెన్సిలుతో రాసుకున్నారు. పెన్సిలు ఎందుకమ్మా అని ఆయన అడిగితే, తర్వాత వచ్చేవాళ్లు మార్చుకోవడానికి వీలుగా ఉంటుందని అన్నారు.